పడవ మోటారుకు పెట్రోల్, టూటీ ఆయిల్ సరిగ్గా కలపడం ఎలా

బంకు దగ్గర మనం లీటర్లు అడగం, రూపాయలు చెప్తాం. "ఐదొందలకు కొట్టన్నా" అంటే బండికి సరిపోతుంది. అదే ఐదొందల పెట్రోల్‌ను క్యాన్‌లో పట్టించుకొని సంగమేశ్వరం ఒడ్డుకో, గండికోట రిజర్వాయర్ దగ్గరికో తీసుకెళ్లి, అందాజుగా రెండు మూతల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకు పెట్రోల్‌లో కలిపే ఆయిల్) పోసి మోటారు తాడు లాగితే, ఆ రోజు ఇంజన్‌కు ఎంత ఆయిల్ అందిందో ఎవరూ చెప్పలేరు. క్యాన్‌లో పెట్రోల్ ఎన్ని లీటర్లో తెలియదు, మూతలో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో తెలియదు. ఒక కంపెనీ మూత ఇంకో కంపెనీ మూతతో సమానం కూడా కాదు.

టూ స్ట్రోక్ ఇంజన్‌కు అడుగున ఆయిల్ నిల్వ ఉండదు. పిస్టన్‌కు, రింగులకు, క్రాంకు బేరింగులకు, కనెక్టింగ్ రాడ్ బేరింగుకు అందే ఆయిల్ అంతా పెట్రోల్‌లో కలిసి వచ్చేదే. వచ్చిన ఆయిల్ తన పని చేసి కాలిపోతుంది, మళ్లీ తిరిగి రాదు. కాబట్టి క్యాన్‌లో కొలత తప్పితే బేరింగులో తప్పినట్టే. పాత టూ స్ట్రోక్ టీవీఎస్ ఎక్సెల్ నడిపినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అయితే బండి రోడ్డు మీద ఆగితే తోసుకుంటూ ఇంటికి రావచ్చు. శ్రీశైలం వెనక జలాల నడుమ మోటారు ఆగితే, సాయంత్రం గాలి లేచేలోగా తెడ్డు వేసుకుంటూ ఒడ్డు చేరాలి. కొలత గురించి ఇంత గట్టిగా చెప్తున్నది అందుకే.

ముందు మీ మోటారు ఏ రకమో చూడండి

పడవ మోటారు అంటే టూ స్ట్రోకే అయి ఉండాలని లేదు. ఇంజన్ పక్కన ఆయిల్ చూసే డిప్ స్టిక్, ఆయిల్ పోసే ప్రత్యేకమైన మూత ఉంటే అది ఫోర్ స్ట్రోక్. దానికి పెట్రోల్‌లో ఏమీ కలపకూడదు. పొలాల్లో వాడే బ్రష్ కట్టర్లు, స్ప్రేయర్లలో కూడా చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు చాలా వచ్చాయి, చూడ్డానికి టూ స్ట్రోక్‌లానే ఉంటాయి. వాటి దగ్గర కూడా ఇదే గుర్తు.

కొన్ని పెద్ద టూ స్ట్రోక్ మోటార్లకు ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటుంది. ఇంజనే తనకు కావలసినంత లాక్కుంటుంది. అలాంటివాటికి మామూలుగా నడిపేటప్పుడు పెట్రోల్‌లో కలపక్కర్లేదు, ఆ ట్యాంకు ఖాళీ కాకుండా చూసుకుంటే చాలు. మిగతావన్నీ చేతితో కలిపి పోయాల్సినవే.

ఎంత కలపాలో మోటారు కవరు మీదో, పెట్రోల్ ట్యాంకు మూత మీదో 50:1 అనో 25:1 అనో రాసి ఉంటుంది. 50:1 అంటే యాభై వంతుల పెట్రోల్‌కు ఒక వంతు ఆయిల్. సెకండ్ హ్యాండ్‌లో కోస్తా వైపు నుంచి తెచ్చుకున్న మోటార్ల మీద ఆ రాత ఉప్పుగాలికి చెరిగిపోయి ఉండొచ్చు. అప్పుడు పడవకు బిగించే క్లాంపు దగ్గరున్న రేకు మీది మోడల్ నంబరు ఫోటో తీసి, ఆ నంబరుతో మాన్యువల్ వెతకండి. సముద్రం మీద వాడిన మోటార్లలో కిరోసిన్‌తో నడిచేలా అమర్చినవి కూడా ఉంటాయి. కొనేముందే ఆ సంగతి అడిగి తేల్చుకోండి.

ఈమధ్య దశాబ్దాల్లో వచ్చిన పడవ మోటార్లు చాలావరకు 50:1. బాగా పాతవి 25:1, ఆ దరిదాపుల్లో అడుగుతాయి. మాన్యువల్ దొరికేదాకా ఏది కలపాలో తెలియకపోతే 25:1 వైపే ఉండండి. పొగ వస్తుంది, ప్లగ్గు మురికి పడుతుంది. అవి తుడిస్తే పోతాయి. ఆయిల్ తక్కువై గీతలు పడ్డ సిలిండర్ మాత్రం మళ్లీ బోర్ చేయించాల్సిందే. 100:1 అని రాసి ఉన్న మోటార్లు కొన్ని ఉన్నాయి. మన ఎండల్లో, మనుషులను వలలను నింపుకొని రోజంతా తిప్పే పనికి వాటికీ 50:1 కలపడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఏ ఆయిల్ కొనాలి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. కర్నూలులోనో అనంతపురంలోనో ఆయిల్ షాపుకెళ్లి టూటీ ఆయిల్ ఇవ్వమంటే, బండ్లకు, స్ప్రేయర్లకు వాడేది చేతిలో పెడతారు. దాని డబ్బా మీద జాసో ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అనే గుర్తుల్లో ఏదో ఒకటి ఉంటుంది. అది గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసిన ఆయిల్. నీళ్లతో చల్లబడే పడవ మోటారుకు కావలసింది టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న ఆయిల్.

తేడా ఏమిటంటే, గాలితో చల్లబడే ఇంజన్ బాగా వేడెక్కుతుంది. ఆ వేడిలో పిస్టన్ శుభ్రంగా ఉండాలని ఆ ఆయిల్‌లో లోహం ఉన్న రసాయనాలు కలుపుతారు. అవి కాలినప్పుడు కొంచెం బూడిద మిగులుతుంది. పడవ మోటారు చుట్టూ చల్లని నీళ్లు తిరుగుతుంటాయి, గంటల తరబడి ఒకే వేగంతో నడుస్తుంది. అక్కడ ఆ బూడిద పిస్టన్ నెత్తిన, ప్లగ్గు మొన మీద పేరుకుంటుంది. పేరుకున్నది ఎర్రగా కాలి, ప్లగ్గు కొట్టకముందే పెట్రోల్‌ను అంటిస్తుంది. అలా కొన్నాళ్లు నడిస్తే పిస్టన్‌కు బొక్క పడొచ్చు. టీసీ-డబ్ల్యూ3 ఆయిల్‌లో బూడిద మిగిల్చే ఆ రసాయనాలు ఉండవు.

తిరగేసి కూడా ఇది నిజమే. పడవ ఆయిల్ మిగిలింది కదా అని చీనీ తోటలో స్ప్రేయర్‌కు పోయకండి. ఆ వేడికి అది నిలవదు, రింగులు కార్బన్‌తో అతుక్కుపోతాయి.

ఒక చిక్కు ఉంది. తక్కువ ధరకు దొరికే చిన్న పడవ మోటార్లలో కొన్ని నిజానికి బ్రష్ కట్టర్ ఇంజన్లే, కింద షాఫ్టు, ఫ్యాను బిగించి అమ్ముతారు. సిలిండర్ మీద పలకలు పలకలుగా రెక్కలు కనిపించి, నడిచేటప్పుడు పక్కనుంచి నీళ్ల ధార రాకపోతే అది గాలితో చల్లబడేదే. దానికి జాసో ఎఫ్‌డీ ఆయిల్ పోయాలి. వాటితో వచ్చే కాగితంలో చాలాసార్లు 25:1 అని ఉంటుంది, అలాగే కలపండి.

టీసీ-డబ్ల్యూ3 మన ఊళ్లలో ప్రతి షాపులోనూ దొరకదు. కాకినాడ, విశాఖ, నెల్లూరు వైపు వెళ్లేవాళ్లతో తెప్పించుకోవడమో, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమో చేయాలి. సీజనుకు సరిపడా ఒకేసారి తెచ్చి పెట్టుకుంటే మధ్యలో టెన్షన్ ఉండదు. సీలు తీయని డబ్బా నీడలో ఉంటే చెడిపోదు. ఎప్పుడైనా అదే దొరక్క, తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే మంచి ఎఫ్‌డీ ఆయిల్‌తో ఒక రోజు నడిపినంత మాత్రాన మోటారు పోదు, అలవాటు మాత్రం చేసుకోవద్దు. బైకులో పోసే ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, మెకానిక్ దగ్గర తీసేసిన పాత ఆయిల్ మాత్రం ఎంత అవసరమొచ్చినా వద్దు. అవి పెట్రోల్‌లో సరిగా కలవవు, కాలితే గట్టి మసి మిగులుస్తాయి.

పెట్రోల్ సంగతి

ఇప్పుడు బంకుల్లో వచ్చే మామూలు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకులతో మొదలై 2025 నాటికి దేశమంతా వచ్చేసింది. రోజూ నడిచే బైకులో ఇది అంతగా తెలియదు. వారంలో రెండు రోజులు నడిచి, మిగతా రోజులు నీళ్ల పక్కన ఉండే మోటారుకు మాత్రం తెలుస్తుంది.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకు మూత మీది గాలి రంధ్రం తెరిచి వదిలేసినా, వానలో తడిసినా తేమ లోపలికి పోతుంది. కొంతవరకు ఓర్చుకుంటుంది. హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు ఒకటై అడుగుకు దిగిపోతాయి, పెట్రోల్ పైన తేలుతుంది. మీరు కలిపిన ఆయిల్ పెట్రోల్‌తో పాటు పైనే ఉంటుంది. పైపు పీల్చేది అడుగునుంచి. ఎంత కొలిచి కలిపినా ఇంజన్‌కు ఆయిల్ లేని ఇథనాల్ నీళ్లే అందుతాయి. అలా ఇంజన్ పట్టేయడానికి, అంటే లోపల బిగుసుకుపోవడానికి, ఎక్కువసేపు అక్కర్లేదు.

చూసుకోవడం కష్టం కాదు. క్యాన్ అడుగునుంచి కొంచెం పెట్రోల్ శుభ్రమైన గాజు సీసాలోకి తీసి, మూత బిగించి, పావుగంట కదపకుండా ఎండ తగలని చోట ఉంచండి. అంతా ఒకే రంగులో, ఒకే తేటగా ఉంటే బాగున్నట్టు. మధ్యలో గీత గీసినట్టు రెండు పొరలు కనిపించినా, అడుగున బుడగలుగా నీళ్లు చేరినా ఆ పెట్రోల్ వాడకండి. అలా విడిపోయాక ఏ మందు పోసినా మళ్లీ పనికొచ్చేలా కలవదు. దాన్ని నేల మీద, నీళ్లలో పారబోయకుండా మెకానిక్ షెడ్డుకు ఇచ్చేయండి.

పాత మోటార్ల రబ్బరు పైపులు, చేతితో నొక్కే బల్బు, కార్బురేటర్ వాషర్లు ఇథనాల్‌కు మెత్తబడతాయి, జిగురుగా అవుతాయి, పగుళ్లిస్తాయి. పైపు చిట్లి గాలి పీలిస్తే పెట్రోల్ తగ్గి ఇంజన్ వేడెక్కుతుంది, ఆ పెట్రోల్‌తో పాటే రావలసిన ఆయిల్ కూడా తగ్గుతుంది. ఒక బల్బు, రెండు మీటర్ల పైపు పడవలో అదనంగా ఉంచుకోండి.

ఎక్కువ ధర పెట్టి ప్రీమియం పెట్రోల్ కొట్టించడం వల్ల చిన్న టూ స్ట్రోక్ మోటారుకు ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. ఆ డబ్బు మంచి ఆయిల్‌కు పెట్టండి. పెట్రోల్ మీద అనుమానం వస్తే బంకులోనే ఫిల్టర్ పేపర్ పరీక్ష, ఐదు లీటర్ల కొలత అడగొచ్చు. అది కొనేవాడి హక్కు.

కొలిచి కలపడం

లెక్క తేలిక. వెయ్యిని నిష్పత్తితో భాగిస్తే లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లో వస్తుంది. 50:1 అయితే లీటరుకు 20, 40:1 అయితే 25, 25:1 అయితే 40. ఐదు లీటర్లకు 50:1 కావాలంటే 100 మిల్లీలీటర్లు, పది లీటర్లకు 200. పడవ మోటార్లతో వచ్చే 24 లీటర్ల ట్యాంకు నింపితే 480.

బంకులో రూపాయలు కాకుండా లీటర్లు చెప్పండి. "ఐదు లీటర్లు పట్టన్నా" అంటే ఇక లెక్కే అక్కర్లేదు. అలవాటు కొద్దీ రూపాయల్లోనే చెప్పేస్తే, మీటరు మీద లీటర్ల అంకె చూసి క్యాన్ మీద సుద్దతో రాసుకోండి. 4.56 అని ఉందనుకోండి. ఇరవైతో గుణిస్తే 91 మిల్లీలీటర్లు. ఒకటి రెండు అటూ ఇటూ అయినా నష్టం లేదు. యాభై పోయాల్సినచోట ఇరవై పోయడమే నష్టం.

కొలవడానికి మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్ల పెద్ద సిరంజి కొనండి, సూది అక్కర్లేదు. దాంతో ఆయిల్ మాత్రమే తీయండి. పెట్రోల్ తగిలితే లోపలి రబ్బరు ఉబ్బి ఇరుక్కుపోతుంది. పురుగుమందు కొలిచే జారును మాత్రం దీనికి తేవద్దు. కడిగినా మందు మిగులుతుంది, మీరు తిరిగేది తాగే నీళ్ల మీద.

క్యాన్ లోహందైతే మంచిది. ఇంట్లో పెట్రోల్ ఉంచుకోవడానికి చట్టంలో హద్దు ఉంది. లైసెన్సు లేకుండా మొత్తం 30 లీటర్లు దాటకూడదు, ఒక్కో లోహపు క్యాన్ 25 లీటర్లు మించకూడదు. బంకులో క్యాన్‌ను ఆటోలోనో ట్రాలీలోనో పెట్టి నింపించొద్దు, కిందకు దించి నేల మీద పెట్టించండి. స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ పుట్టే ప్రమాదం అలా తగ్గుతుంది. పూర్తిగా నింపకుండా పైన కొంత ఖాళీ వదలండి. మే నెలలో కర్నూలు ఎండ నలభై దాటుతుంది, పెట్రోల్ వ్యాకోచిస్తుంది. అదే కారణంతో మూత ఎప్పుడూ మెల్లగా, మొహం పక్కకు తిప్పి తీయాలి.

కలిపే పని ఒడ్డు మీదే, నీడలో చేయండి. ముందు మొత్తం పెట్రోల్‌లో మూడో వంతు క్యాన్‌లో పోయండి. దాని మీద కొలిచిన ఆయిల్ అంతా పోసి, మూత బిగించి, అటూ ఇటూ వంచుతూ ఒక నిమిషం ఊపండి. తర్వాత మిగతా పెట్రోల్ పోసి ఇంకోసారి ఊపండి. ఆయిల్ ముందు పోసి దాని మీద పెట్రోల్ పోస్తే చిక్కటి ఆయిల్ అడుగున అంటుకుని ఉంటుంది. మోటారు ట్యాంకులోనే విడివిడిగా పోస్తే మొదట పైపులోకి వెళ్లేది ఏదో మనకు తెలియదు.

ట్యాంకులో ఇంకా సగం మిశ్రమం ఉంటే, కొత్తగా పోసే పెట్రోల్‌కు మాత్రమే ఆయిల్ లెక్క వేయండి. మొత్తం ట్యాంకుకు మళ్లీ పోసేవాళ్లను చూస్తుంటాం. పొగ మబ్బు పడుతుంది, ప్లగ్గు తడిసిపోతుంది. ఇంకో సంగతి, ఆయిల్ ఎక్కువైన కొద్దీ అదే కొలత మిశ్రమంలో పెట్రోల్ తగ్గుతుంది. మరీ ఎక్కువ పోస్తే మోటారుకు మేలు చేసినట్టు కాదు.

కలిపిన క్యాన్ మీద పెయింటుతో "కలిపినది, 50:1" అని, పక్కన సుద్దతో తేదీ రాయండి. స్ప్రేయర్ క్యాన్, పడవ క్యాన్ వేరువేరు రంగుల్లో ఉంచండి. రాయడం మరిచి, ఇందులో ఆయిల్ కలిపామా లేదా అని అనుమానం వస్తే ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి ఎండనివ్వండి. ఉత్త పెట్రోల్ దాదాపు గుర్తు లేకుండా ఎగిరిపోతుంది. కలిపినదైతే బజ్జీల పొట్లం మీద నూనె మరకలా కాగితం పారదర్శకంగా మిగులుతుంది. ఆయిల్ ఉందని ఇది చెప్తుంది, ఎంత ఉందో చెప్పదు.

నడిపేటప్పుడు

ట్యాంకు పడవలోంచి తీసి ఒడ్డున నింపండి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున చేరి నిలబడుతుంది. అక్కడ బీడీ నిప్పు చాలు.

కొత్త మోటారుకు, లేదా కొత్తగా పిస్టన్, రింగులు వేయించినదానికి మొదటి పది గంటలు చాలా కంపెనీలు ఆయిల్ రెట్టింపు చేయమంటాయి. అంటే 50:1 దానికి 25:1. ఆ పది గంటలు ఫుల్ థ్రాటిల్ ఎక్కువసేపు ఇవ్వకుండా, వేగం మారుస్తూ నడపండి.

నడుస్తున్నప్పుడు పక్కనుంచి వచ్చే నీళ్ల ధార మీద ఒక కన్ను ఉంచండి. వేసవిలో నీళ్లు తగ్గి అడుగు బురద కదిలినప్పుడు, నాచు, కవర్లు పంపు దారిలో చిక్కినప్పుడు ఆ ధార సన్నబడుతుంది. పట్టేసిన ప్రతి మోటారుకూ ఆయిలే కారణం కాదు, నీళ్లు అందక పట్టేసేవీ ఉంటాయి. ధార ఆగితే వెంటనే మోటారు ఆపి, దారి శుభ్రం చేసుకోండి. ఇంజన్ శబ్దం మారి బరువుగా తిరుగుతూ వేగం పడిపోయినా అంతే, ఆపేయండి. తాడు గట్టిగా వస్తుంటే బలంగా లాగొద్దు. పూర్తిగా చల్లారాక మెల్లగా తిప్పి చూడండి.

కొన్ని ట్యాంకులు అయ్యాక ప్లగ్గు విప్పి చూడటం అలవాటు చేసుకోండి. కాఫీ పొడి రంగులో పొడిగా ఉంటే కలపడం, కార్బురేటర్ రెండూ సరిగ్గా ఉన్నట్టు. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువైంది, లేదా చోక్ పూర్తిగా తెరుచుకోలేదు. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే ప్రమాదం. పెట్రోల్ తక్కువై ఇంజన్ కాలుతోంది, అది తేలేదాకా నీళ్ల మీదకు వెళ్లొద్దు.

మన నీళ్ల గురించి ఒక మాట చెప్పాలి. పాత రకం టూ స్ట్రోక్ మోటారు తాగిన పెట్రోల్‌లో నాలుగో వంతు దాకా కాలకుండానే పొగగొట్టం నుంచి నీళ్లలోకి పోగలదు. శ్రీశైలం వెనక జలాల నుంచి మల్యాల దగ్గర ఎత్తిపోసిన నీళ్లు హంద్రీ-నీవా కాలువలో అనంతపురం పోతాయి. పోతిరెడ్డిపాడు నుంచి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా తెలుగుగంగ నీళ్లు చెన్నై దాకా పోతాయి. దారిలో ఎన్నో ఊళ్లు తాగుతాయి. పడవ వెనక నీళ్ల మీద రంగురంగుల పొర తేలుతుంటే కొలతో కార్బురేటరో చూడాల్సి ఉందని అర్థం. ఆ పొరను పట్టించుకోకుండా వదిలేయకండి.

మోటారు పక్కన పెట్టే ముందు

కలిపిన పెట్రోల్‌ను నెల లోపు వాడేయండి, రెండు మూడు వారాల్లో అయితే ఇంకా మేలు. రోజు పని అయ్యాక ట్యాంకు పైపు ఊడదీసి, మోటారు ఇంకా నీళ్లలో ఉండగానే అది దానంతట అది ఆగేదాకా నడవనివ్వండి. కార్బురేటర్‌లో పెట్రోల్ మిగిలితే ఎగిరిపోయి జిగురు మిగులుతుంది, సన్నని జెట్లు మూసుకుపోతాయి. మూత మీది గాలి రంధ్రం బిగించి, ట్యాంకు నీడలో పెట్టండి.

సంగమేశ్వరం గుడి బయటపడేంతగా నీళ్లు దిగిపోయి మోటారుకు కొన్ని నెలలు పని ఉండదనుకుంటే, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయండి. ప్లగ్గు తీసి ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా టూటీ ఆయిల్ పోసి, తాడును రెండుమూడు సార్లు మెల్లగా లాగి, ప్లగ్గు తిరిగి బిగించండి. లోపలి నీళ్లు జారిపోయేలా మోటారును నిలువుగా పెట్టండి. వానలకు నీళ్లు వచ్చాక ఆ ప్లగ్గు తుడిచో, కొత్తది వేసో, అప్పుడే పట్టించి కొలిచి కలిపిన పెట్రోల్‌తో మొదటిసారి తాడు లాగండి. మొదట కొన్ని నిమిషాలు తెల్లగా పొగ వస్తుంది. సిలిండర్‌లో మీరు పోసిన ఆయిలే అలా కాలుతోంది, కాసేపటికి తగ్గిపోతుంది.